24 గంటల రేసు: ఎలా చూడాలి, ఏం లెక్కపెట్టాలి?

జనవరి అంటే మా ఆర్మూర్ దిక్కు పసుపు తవ్వే కాలం. ఆ టైంలో "దుబాయ్ పోయి కార్ల రేసు చూసొస్త" అంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటరు? "ఇంటిల్లిపాది చేన్ల ఉంటే నువ్వు కార్లు చూడవోతవారా?" అన్నడు మా నాయిన. టికెట్ కొన్నది మా బావ. అక్కడ ట్రెయిలర్ నడుపుతడు. మా ఊళ్లో ఇది వింత కాదు, వాడకట్టుకు ఒకరైనా గల్ఫ్‌లో ఉంటరు. ఆ రోజు నాయినకు జవాబు చెప్పలేకపోయిన. రేసు అర్థమైనంక చెప్పగలిగిన. అదే మీకూ చెబుతున్నా.

మేం చూసింది 2025 జనవరి 11, 12 తేదీల్లో దుబాయ్ ఆటోడ్రోమ్‌లో జరిగిన 24 గంటల రేసు. అక్కడ ట్రాక్ పొడవు 5.39 కిలోమీటర్లు. మనం టీవీలో చూసే ఫార్ములా వన్‌లో దూరం ముందే నిర్ణయిస్తారు, ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్లు గెలుస్తారు. ఇక్కడ నిర్ణయించేది సమయం. 24 గంటల్లో ఎక్కువ ల్యాప్‌లు తిరిగిన కారు గెలుస్తుంది. ఈ ఒక్క మార్పుతో మొత్తం లెక్క మారిపోతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఏ కారుకు ల్యాప్ 120 సెకన్లు, బి కారుకు 122 సెకన్లు అనుకోండి. 24 గంటలంటే 86,400 సెకన్లు. మిగతా ఆగుళ్లన్నీ ఇద్దరికీ సమానమని పక్కన పెడితే ఏ 720 ల్యాప్‌లు, బి 708 ల్యాప్‌లు తిరుగుతాయి. తేడా 12 ల్యాప్‌లు, అంటే 24 నిమిషాలు. ఇప్పుడు ఏ కారు గేర్‌బాక్స్ పాడై గ్యారేజీలో అరగంట ఉందనుకోండి. 15 ల్యాప్‌లు పోయాయి, మిగిలింది 705. నిదానంగా తిరిగిన బి కారు 3 ల్యాప్‌ల తేడాతో గెలిచింది! మెకానికల్ వాళ్లు రిలయబిలిటీ పాఠంలో చదివే 'అవైలబిలిటీ' ఇదే. ఎంత వేగంగా పోయిందన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపు ఆగిపోయిందన్నదీ అంతే ముఖ్యం.

స్టాండ్‌లో కూర్చున్నప్పుడు మూడు విషయాలు తెలిసి ఉండాలి. మొదటిది, అన్ని కార్లూ ఒకదానితో ఒకటి పోటీ పడవు. జీటీ3, 992, జీటీ4 అని తరగతులు ఉంటాయి. వేగం వేరైనా ట్రాక్ ఒక్కటే. అందుకే ఒక కారు ఇంకోదాన్ని దాటగానే చప్పట్లు కొట్టకండి, ముందు అవి ఒకే తరగతివా చూడండి. రెండోది, 'కోడ్ 60'. ట్రాక్ మీద ప్రమాదం జరిగితే ఊదా రంగు జెండా చూపిస్తారు, కార్లన్నీ గంటకు 60 కిలోమీటర్ల వేగానికి తగ్గాలి. మిగతా వాళ్లు మెల్లగా పోతున్నప్పుడే ఇంధనం నింపుకుంటే నష్టం తక్కువ. అందుకే ఆ జెండా కనబడగానే ట్రాక్ కన్నా పిట్ వైపు చూడాలి. మూడోది, ఒక కారును ముగ్గురు నలుగురు వంతులవారీగా నడుపుతారు. 44వ నంబర్ హైవే మీద రాత్రిళ్లు మా ఊరు దాటిపోయే లారీల్లో ఇద్దరు డ్రైవర్లు ఉన్నట్టే.

ఈ మూడో విషయానికి ఆ ఏడాది మంచి ఉదాహరణ దొరికింది. హీరో అజిత్ కుమార్ సొంత జట్టుతో వచ్చాడు. జనవరి 7న ప్రాక్టీసులో ఆయన కారు గోడకు గుద్దుకుంది, దెబ్బలేమీ తగల్లేదు. అయినా రేసులో ఆ జట్టు కారు తాను నడపకుండా తప్పుకున్నాడు. మిగతా డ్రైవర్లు ఆ కారును 992 తరగతిలో మూడో స్థానానికి తెచ్చారు. ఆయన జీటీ4 తరగతిలో వేరే కారు నడిపాడు. జట్టు యజమానే సీటు వదులుకోవడం ఓటమి కాదు, ఈ ఆటలో అదీ ఒక వ్యూహమే.

బావ డ్యూటీ దిగి శనివారం రాత్రి నేరుగా స్టాండ్‌కు వచ్చిండు. డ్రైవర్ మారేటప్పుడు పిట్‌లోకి వేలు చూపించి చెప్పిన: "చూడు బావా, ఈయన దిగుతున్నడు, ఇంకొకాయన ఎక్కుతున్నడు." బావ కొంచెంసేపు చూసి "వాళ్లు నలుగురున్నరు. మనను దిగుమనేటోళ్లు ఎవరున్నర్ర?" అన్నడు. నాకు మాట రాలేదు. తర్వాత అట్లనే కూర్చుని నిద్రపోయిండు. తెల్లారి లేవంగనే అడిగింది ఎన్నో స్థానం అని కాదు. "మన కారు తిరుగుతున్నదా?" అని. 24 గంటల రేసులో మొదట అడగాల్సిన ప్రశ్న అదేనని నాకు అప్పుడు తెలిసింది.

మీరు ఎప్పుడైనా పోతే కొన్ని జాగ్రత్తలు. ఎడారైనా జనవరి రాత్రి చలి పెడుతుంది, స్వెటర్ ఉండాలి. చెవుల్లో దూది కాదు, ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. ఒక్క కారు నంబర్ ఎంచుకుని గంటకోసారి దాని ల్యాప్‌లు, అది ఆగిన నిమిషాలు నోట్‌బుక్‌లో రాయండి. మధ్యలో రెండు మూడు గంటలు పడుకోండి, మీకు డ్రైవర్ మార్పు లేదు. చివరి గంట మాత్రం వదలొద్దు.

ఇంటికొచ్చేసరికి పసుపు తవ్వుడు ఇంకా నడుస్తనే ఉంది. "ఎవడు గెలిచిండు?" అన్నడు నాయిన. పేరు చెప్పకుండా 720, 705 లెక్క చెప్పిన. గడ్డపార పక్కన పెట్టి విన్నడు. "గంతే గదా! తొమ్మిది నెలలు పండిస్తం, మంచిగ ఉడుకవెడ్తం. ఆరేటప్పుడు ఒక్క వాన పడితే రేటు పాయె" అన్నడు. మరునాడు పొద్దున నన్ను లేపి చేనుకు తోలుకపోయిండు, "నీ వంతు" అనుకుంట.