ఆడపిల్లల బడి తలుపు తెరిచిన పదేళ్లు (1901-1911)

సాంఘిక మార్పు గురించి పాఠం చెప్పేటప్పుడు మేము పిల్లలను ఒక పదేళ్ల కాలాన్ని ఎంచుకోమంటాం. ఆ కాలంలో పనిచేసిన నలుగురైదుగురిని తీసుకుని ఒక్కొక్కరి గురించి మూడు ప్రశ్నలు వేసుకోమంటాం. వారికి అడ్డుగా నిలిచింది ఏమిటి? దాన్ని దాటడానికి ఏం చేశారు? ఖర్చు ఎవరు భరించారు? పాఠ్యపుస్తకాల్లో మూడో ప్రశ్న సాధారణంగా కనిపించదు. ఈ సంచిక దాతల చేతుల్లోకి వెళుతుంది గనుక మేము దానికే ఎక్కువ చోటిస్తున్నాం.

ఇక్కడ మేము తీసుకున్న కాలం 1901 నుంచి 1911 వరకు. అంశం ముస్లిం ఆడపిల్లల చదువు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో పాఠశాల పెట్టారు, మగపిల్లల కోసం. ముందు మగవారు చదువుకుంటే ఆ వెలుగు ఇంట్లోకి వస్తుందని ఆయన ఉద్దేశం. 1882లో విద్యా కమిషన్ ముందు కూడా ఇదే అభిప్రాయం చెప్పారు. ఆయన మీద గౌరవం ఏమాత్రం తగ్గకుండానే ఈ సంగతి చెప్పుకోవచ్చు. ఆయన 1898లో కన్నుమూశారు. సరిగ్గా ఆ ఏడాదే లాహోరులో సయ్యద్ ముంతాజ్ అలీ, ఆయన భార్య ముహమ్మదీ బేగం స్త్రీల కోసం 'తహ్జీబె నిస్వాన్' అనే ఉర్దూ వారపత్రిక మొదలుపెట్టారు. సంపాదకురాలు ముహమ్మదీ బేగమే. ఉచితంగా పంపిన ప్రతులు చాలావరకు తిట్లు రాసి తిరిగివచ్చాయి. పత్రిక మాత్రం ఆగలేదు.

అలీగఢ్‌లో ఈ పనికి పూనుకున్నది షేక్ అబ్దుల్లా, వాహిద్ జహాన్ బేగం దంపతులు. ఆయన వకీలు. ఇద్దరూ 1904లో 'ఖాతూన్' మాసపత్రిక తెచ్చి, 1906 అక్టోబరులో ఊళ్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బడి తెరిచారు. సిద్ధాంతం మీద వాదోపవాదాలు జరిగిన మాట నిజమే. కానీ మా దృష్టిలో అసలు చిక్కులు రెండు: పాఠం చెప్పడానికి చదువుకున్న స్త్రీ దొరకాలి, పిల్ల పరదాతో బడికి చేరాలి. అందుకే డోలీలు ఏర్పాటు చేశారు. డోలీ అంటే మోసేవారికి కూలి, పైగా రోజూ ఇవ్వవలసినది. బడి కట్టించడం ఒక్కసారి ఖర్చు. పిల్లను తీసుకురావడం ప్రతిరోజూ ఖర్చు. ఈ సంగతి గ్రహించినవారు భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం. ఆమె నెలకు 100 రూపాయలు మంజూరు చేశారు. నెలనెలా వచ్చే సొమ్ము కాబట్టే దాన్ని నమ్ముకుని ఉపాధ్యాయినిని పెట్టుకోవచ్చు.

బెంగాలులో రుకయ్యా సఖావత్ హుస్సేన్ కథ వేరు. రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో జమీందారు కుటుంబంలో పుట్టినా ఆమెను బడికి పంపలేదు. ఇల్లంతా నిద్రపోయాక అన్న ఇబ్రాహీం దీపం ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పేవాడు. 1905లో ఆమె ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. స్త్రీలు రాజ్యమేలే దేశం, పరదాలో పురుషులు, ఇదీ ఆ కథ. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టి, మచిలీపట్నం నోబుల్ కళాశాలలో చదువుకున్నారన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో!

1909లో భర్త పోయారు. బడి కోసమని ఆయన విడిగా 10,000 రూపాయలు ఉంచి వెళ్లారు. ఆ అక్టోబరులోనే ఐదుగురు పిల్లలతో భాగల్పూర్‌లో ఆమె బడి మొదలుపెట్టారు. కుటుంబంలో ఆస్తి తగాదాల వల్ల అది అక్కడ నిలవలేదు. 1911 మార్చి 16న కలకత్తాలో, వలీవుల్లా వీధిలో, ఎనిమిది మందితో మళ్లీ తెరిచారు. బడి లోపల ఎలా ఉంటుందో చూసి ఎరుగని మనిషి! ఇతరుల బాలికల పాఠశాలలకు వెళ్లి, వెనక కూర్చుని, తరగతి ఎలా నడుస్తుందో నేర్చుకున్నారు. బి.ఎడ్. చేసి వచ్చిన మాకు ఈ ఒక్క విషయం తలచుకుంటే సిగ్గూ, గర్వమూ రెండూ కలుగుతాయి.

తర్వాతి కాలంలో ఆ బడికి మోటారు బస్సు వచ్చింది. పరదా కోసం దాన్ని నలువైపులా మూసేశారు. గాలి ఆడక పిల్లలు వాంతులు చేసుకున్నారు, స్పృహ తప్పారు. తల్లులు గోలపెట్టగా, పలకలు తీసేసి తెరలు కట్టించారు. గాలికి తెర ఎగురుతోందని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఇవన్నీ రుకయ్యాయే 'అవరోధబాసిని'లో రాశారు. నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

మన వైపు, హైదరాబాదులో సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ కుమార్తె తయ్యబా బేగం మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పట్టా పొందారు. దేశంలో పట్టా పుచ్చుకున్న తొలి ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. నగరంలో మహబూబియా బాలికల పాఠశాల 1907లో ఏర్పడింది.

ఈ పదేళ్లను మేము ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఏటా పదో తరగతి మంచి మార్కులతో పాసయిన మా ఆడపిల్లల్లో కొందరు జూనియర్ కాలేజీకి వెళ్లడం లేదు. అడిగితే తల్లిదండ్రులు ఫీజు సంగతి చెప్పరు. ఫీజు మన సంఘం కడుతుందని వారికి తెలుసు. సాయంత్రం చీకటిపడ్డాక బస్టాండు నుంచి ఇంటికి ఎలా వస్తుందంటారు. నెలకు షేర్ ఆటోకి ఎంతవుతుందో లెక్క చెబుతారు. ప్రతిభా పురస్కారానికి, షీల్డుకు ముందుకు వచ్చే దాతలు మనకున్నారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. ఆటో పద్దుకు మాత్రం ఇంతవరకు ఎవరి పేరూ లేదు. డోలీ కూలికి భోపాల్ బేగం పేరు చరిత్రలో నిలిచింది కదా!

అలీగఢ్‌లో డోలీలు ఊరి పిల్లలకే అందేవి. పొరుగూళ్ల పిల్లల మాట? దశాబ్దం దాటిన మూడేళ్లకు, 1914లో, అక్కడ వసతిగృహం తెరిచారు. దాన్ని ప్రారంభించినవారు మళ్లీ సుల్తాన్ జహాన్ బేగమే. వాహిద్ జహాన్ బేగం తన కూతుళ్లతో సహా వచ్చి, ఆ పిల్లల మధ్యనే ఉన్నారు. ఆ కూతుళ్లలో ఒకరు తర్వాత డాక్టరుగా, రచయిత్రిగా పేరుపొందిన రషీద్ జహాన్. దూరాల నుంచి కూతుర్ని తీసుకువచ్చిన తండ్రికి కావలసిన పూచీ ఒక్కటే: రాత్రి పూట అక్కడ ఎవరుంటారు? దానికి జవాబుగా ఆ బేగం అక్కడే కాపురం ఉన్నారు.