జాంజిబార్ వెళ్తే ముందు ఆటుపోట్ల టైమ్ చూడండి

మొన్న సెలవుల్లో దార్ ఎస్ సలాంలో పనిచేసే మా బాబాయి దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి ఫెర్రీలో జాంజిబార్ చూసొచ్చాను. తిరిగొచ్చాక అందరూ అడిగింది ఒకటే, ఖర్చెంతయిందని. ఖర్చు కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది.

దీవి తూర్పు తీరంలో పాజే, జంబియానీ అనే ఊళ్లున్నాయి. అక్కడ తీరం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఆటు వచ్చినప్పుడు నీళ్లు కిలోమీటరు దాకా వెనక్కి పోతాయి. పొద్దున చూసిన నీలి సముద్రం మధ్యాహ్నానికి లేదు! దూరంగా కర్రలకు తాళ్లు కట్టి సముద్రపు నాచు పెంచుతున్న ఆడవాళ్లు కనిపించారు. చూద్దామని నడుచుకుంటూ పోయాను. ఫొటోలు తీసుకుంటుంటే ఒకావిడ ఒడ్డు వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది. అర్థం కాక నవ్వాను. ఆవిడ మూట ఎత్తుకుని బయల్దేరాక గానీ నేను వెనక్కి చూడలేదు. నాకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు! వెళ్లేటప్పుడు చీలమండ తడిసిన చోటే ఇప్పుడు నడుం లోతు. నాకు ఈత రాదు. ఆవిడ అడుగులో అడుగేసి బయటపడ్డాను.

ఎందుకలా అయింది? పోటు ఒకే వేగంతో రాదు. దీనికి నావికులు వాడే పన్నెండో వంతుల లెక్క ఉంది. ఆటుకీ పోటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. మొత్తం పెరిగే నీటిలో మొదటి గంటలో 1 వంతు, తర్వాత వరసగా 2, 3, 3, 2, 1 వంతులు వస్తాయి. తేడా 3.6 మీటర్లనుకోండి. మొదటి గంటలో పెరిగేది 30 సెంటీమీటర్లే, ఏమీ కానట్టే ఉంటుంది. మూడో గంటలో 90! కిలోమీటరుకు 3.6 మీటర్ల వాలు అనుకుంటే, ఆ ఒక్క గంటలో నీళ్లు 250 మీటర్లు ముందుకొస్తాయి. విశాఖలో తేడా సుమారు మీటరున్నరే, అందుకే మనకిది అలవాటు లేదు.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా బాగా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు.

ఇక నా సలహాలు:

1. నాచు తోటలు చూడాలంటే ఆటు టైమ్‌కి గంట ముందు బయల్దేరండి. ఆ టైమ్ అవగానే వెనక్కి తిరగండి.

2. రోజంతా నీళ్లలో ఉండాలంటే ఉత్తరాన నుంగ్వీ, కెండ్వా వెళ్లండి. అక్కడ ఆటుపోట్ల ప్రభావం తక్కువ.

3. రాళ్ల మధ్య ముళ్ల సముద్ర జీవులుంటాయి. నీళ్లలో వేసుకునే బూట్లు తప్పనిసరి.

4. పడవ టైమ్ రెండుసార్లు అడగండి. స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. వాళ్ల నాలుగు గంటలంటే మన పొద్దున పది!

5. మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, అప్పుడొద్దు. మలేరియా మందుల గురించి వెళ్లేముందే డాక్టరుని అడగండి. ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2024 అక్టోబరు నుంచి విదేశీ సందర్శకులు జాంజిబార్ ప్రభుత్వ ఇన్సూరెన్స్ కొనాలి, అప్పట్లో 44 డాలర్లు పెట్టారు.

6. స్టోన్ టౌన్‌లో ఎక్కువమంది ముస్లింలు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతో తిరగండి.

భాషకి భయపడక్కర్లేదు. చాయ్, చపాతీ అక్కడా అవే, కొట్టుని దుకా అంటారు. కానీ నేను ముందుగా నేర్చుకోవాల్సిన మాట వేరే ఉంది. ఆ రోజు ఆవిడ అన్నది 'మాజి యనజా' అని సాయంత్రం బసలో కుర్రాడు చెప్పాడు. నీళ్లు నిండుతున్నాయని అర్థం. ఎవరైనా ఆ మాటంటే ఫోన్ జేబులో పెట్టి ఒడ్డుకి నడవండి.