పక్షవాతము – నెత్తురు చెప్పు సాక్ష్యము

పక్షవాతము గ్రామములకు క్రొత్త వ్యాధి కాదు. నిన్న అరక దున్నిన రైతు నేడు కాలు చేయి పడిపోయి మంచము పట్టుట మనమెరిగినదే. గాలి సోకినదని పసరు మందులకై పరుగెత్తువారు నేటికిని కలరు. అసలు లోపల జరుగునదేమి? పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరము.

మెదడు – ప్రాణవాయువు

శరీరపు బరువులో మెదడు నూటికి సుమారు 2 వంతులు మాత్రమే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో నూటికి సుమారు 20 వంతులు దానికే కావలయును. మెదడుకు పోవు రక్తనాళమునకు గడ్డ అడ్డుపడినచో, తూము పూడిన కాలువ క్రింది మడి వలె ఆ భాగము ఎండిపోవును. పక్షవాతములలో ఎక్కువ ఈ రకమువే. చికిత్స లేనిచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

దీనికి తోడు మరియొక హాని కలదు. ప్రాణవాయువునుండి ఫ్రీ రాడికల్స్ అను ఉగ్రమైన అణువులు నిత్యము కొద్దిగా పుట్టుచుండును; శరీరము వానిని అణచుచుండును. గడ్డ అడ్డుపడినపుడును, మరల నెత్తురు పారినపుడును అవి మితిమీరి కణములను దెబ్బతీయును. ఇదియే ఆక్సీకరణ ఒత్తిడి. నాగటి కర్రుకు తుప్పు పట్టుటయు ఆక్సీకరణమే.

నెత్తురులోని గుర్తులు

కణముల పొరలోని కొవ్వు చెడినపుడు మాలోన్‌డయాల్డిహైడ్ అను పదార్థము పుట్టును. పక్షవాత రోగుల నెత్తురులో ఇది హెచ్చుగా నున్నట్లు పలు పరిశోధనలలో తేలినది. రక్షణ నిచ్చు విటమిన్ సి తగ్గినట్లును కనబడినది. 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ గుర్తించిన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ మరియొక రక్షకము. దాని విషయమున ఫలితములు ఏకరీతిగా లేవు.

అయితే మధుమేహము, పొగత్రాగుట వలనను ఈ గుర్తులు మారును. కావున వీనినిబట్టి పక్షవాతమును నిర్ణయింపరాదు. గడ్డయా, రక్తస్రావమా అని తేల్చుటకు సి.టి. స్కాన్ తప్పదు. గడ్డను కరగించు మందు రక్తస్రావమైనవారికి ప్రమాదకరము.

మాత్రలు మ్రింగిన చాలునా?

చాలదు. బ్రిటనులో 20 వేలమందికి పైగా పాల్గొన్న పరీక్షలో విటమిన్ మాత్రలు పక్షవాతమును ఆపలేదని 2002లో వెల్లడైనది. రక్తపోటును అదుపులో నుంచుట, చుట్ట, బీడీ మానుట మేలైన రక్షణ.

మన కర్తవ్యము

మూతి వంకరపోయినను, చేయి వాలిపోయినను, మాట తడబడినను 108కి ఫోను చేయవలయును. రోగి చివరిసారి బాగుగా నున్న వేళను గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలయును. నోట పసరుగాని, నీరుగాని పోయరాదు. గడ్డ కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇత్తురు. స్కాన్ సౌకర్యముగల సమీప ఆసుపత్రి పేరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. ఆ ఒక్క పంక్తి ఒక కుటుంబమును నిలబెట్టగలదు.