ద్రుతగతి బస్సు మార్గాలు - లాభనష్టాల తూకం

'రహదారి' అనే మాటను మనం దినదినం వాడుతూనే ఉంటాం. ఇది పారశీకం నుంచి మన భాషలోకి వచ్చిన మాట. 'రాహ్' అనగా దారి. 'రాహ్‌దారీ' అనగా ఆ దారి వెంట పోయేవారి నుంచి వసూలు చేసే సుంకం, లేదా పోవుటకు ఇచ్చే అనుమతి పత్రం. తెలుగులోనూ పూర్వం అనుమతి పత్రాన్ని రహదారి అనేవారు. కాలక్రమాన ఆ మాట సుంకాన్ని, పత్రాన్ని విడిచి దారికే పేరైనది. అర్థం మారినా అందులో దాగిన ప్రశ్న మాత్రం మారలేదు. దారికయ్యే ఖర్చు ఎవరు భరించాలి? దారిపై ఎవరికి ఎంత హక్కు? నగరాలు పెరిగి, వాహనాలు కిక్కిరిసిన ఈ రోజులలో ఈ ప్రశ్న మరింత పదునెక్కినది. ద్రుతగతి బస్సు మార్గాల లాభనష్టాలను తూచడమంటే ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే.

ద్రుతగతి బస్సు మార్గం అంటే ఏమి?

రోడ్డుపై బస్సులకు మాత్రమే ఒక వరుసను ప్రత్యేకించి, మిగిలిన వాహనాలు అందులోకి రాకుండ అడ్డుగోడ కట్టడం దీనిలోని మొదటి అంగం. కాని అది ఒక్కటే చాలదు. ప్రయాణికులు బస్సు ఎక్కకమునుపే స్టేషనులో టికెట్టు తీసుకోవాలి. స్టేషను అరుగు బస్సు నేలతో సమానమైన ఎత్తులో ఉండాలి. బస్సుకు వెడల్పాటి తలుపులు ఉండాలి. కూడళ్ళలో సిగ్నలు బస్సుకు అనుకూలంగా ఉండాలి. ఇవన్నీ కూడినప్పుడే బస్సు రైలువలె నడుస్తుంది. మెట్లెక్కలేని వృద్ధులు, వికలాంగులు, చంటిబిడ్డల తల్లులు కూడ సులభంగా ఎక్కగలుగుతారు.

ఈ పద్ధతికి పుట్టినిల్లు బ్రెజిల్ దేశంలోని కురితీబా నగరం. మేయరు జైమే లెర్నర్ కాలంలో 1974లో అక్కడ ప్రత్యేక బస్సు బాటలు ప్రారంభమైనవి. 1991లో గొట్టపు ఆకారంలో స్టేషనులు వెలసినవి. తరువాత కొలంబియా రాజధాని బొగోటాలో మేయరు ఎన్రికే పెన్యలోసా పూనికతో 2000 డిసెంబరులో 'ట్రాన్స్‌మిలేనియో' మొదలైనది. రద్దీ వేళల్లో ఒక దిశలో గంటకు నలభై వేలకు పైగా ప్రయాణికులను చేరవేసి, ఇది బస్సు వల్ల సాధ్యం కాదనుకొన్న పనిని సాధ్యం చేసి చూపినది. 2004లో ఇండొనేషియా రాజధాని జకార్తా అదే దారి పట్టినది.

ఒక వరుసలో ఎందరు మనుష్యులు?

రోడ్డు వెడల్పు అరుదైన సొత్తు. దానిని ఎవరికి ఇస్తే ఎక్కువమందికి ఉపకారమో లెక్క వేయవలసి ఉన్నది. మన దేశంలో 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం ఈ విషయమై ఒక సూత్రాన్ని నిర్దేశించినది. రోడ్డును వాహనాలకు కాక మనుష్యులకు పంచాలి అన్నదే ఆ సూత్రం.

విద్యార్థులు సులభంగా గ్రహించుటకు ఒక ఊహాజనితమైన లెక్క చూతము. నగరంలో ఒక వరుసలో గంటకు 800 కార్లు పోగలవనుకొందాం. ఒక్కొక్క కారులో సగటున ఒకటిన్నర మంది చొప్పున అవి 1,200 మందిని చేరవేస్తాయి. అదే వరుసను బస్సులకిచ్చి, నిమిషానికొక బస్సు, బస్సుకు 60 మంది చొప్పున నడిపితే 3,600 మంది పోగలరు. అంటే మూడు రెట్లు. కాని పది నిమిషాలకొక బస్సు నడిపితే ఆ వరుస మోసేది 360 మందినే. అప్పుడది కార్ల వరుసకంటె తక్కువ పని చేసినట్లే. రెండూ సమానం కావాలంటే గంటకు 20 బస్సులు, అనగా మూడు నిమిషాలకొకటి నడవాలి. అంతకు తక్కువైతే బస్సు వరుస నష్టం. అంతకు మించితే లాభం. కావున బస్సు బాట మంచిదా చెడ్డదా అని అడగడం పొరపాటు. ఆ బాటపై ఎన్ని బస్సులు నడుపుతారని మొదట అడగాలి.

ఇక్కడ ఒక చిత్రం గలదు. నిమిషానికొక బస్సు గంటకు 24 కిలోమీటర్ల వేగంతో పోతే, ఒక బస్సుకూ మరొక బస్సుకూ మధ్య 400 మీటర్ల ఎడం ఉంటుంది. పక్క వరుసలో కారులో చిక్కుకొన్నవాని కంటికి ఆ బాట ఖాళీగా కనబడుతుంది. "ఇంత చోటు వృథా చేశారే!" అని అతడు కోపగించడం సహజం. వాస్తవానికి ఖాళీగా తోచే ఆ బాటే అతని వరుసకంటె మూడు రెట్ల జనాన్ని మోస్తున్నది. కంటికి కనబడేది వాహనం; లెక్కకు రావలసినది మనిషి.

ఎవరి కాలానికి ఎంత విలువ?

ఖర్చుల పట్టికలో నిర్మాణ వ్యయం, బస్సుల కొనుగోలు, సిబ్బంది జీతాలు, మరమ్మతులు, రోడ్డు వెడల్పులో దుకాణాలు ఇళ్ళు కోల్పోయేవారికిచ్చే పరిహారం, నరికిన చెట్లు, పని జరిగే కాలంలో వ్యాపారాలకు కలిగే నష్టం చేరుతాయి. లాభాల పట్టికలో ప్రయాణకాలపు పొదుపు, ప్రమాదాల తగ్గుదల, ఇంధనపు ఆదా, గాలి శుభ్రత చేరుతాయి. వీటిలో అన్నిటికంటె పెద్దది కాలమే. దానిని ఎట్లు లెక్కిస్తామో దానినిబట్టి ఫలితం తారుమారౌతుంది.

పై ఉదాహరణనే పొడిగిద్దాం. పది కిలోమీటర్ల రోడ్డుపై ఒక దిశలో మూడు వరుసలున్నవి. అందులో ఒకటి బస్సులకిచ్చారు. బస్సు వేగం గంటకు 15 నుంచి 24 కిలోమీటర్లకు పెరిగినది. నలభై నిమిషాల ప్రయాణం ఇరవై అయిదు నిమిషాలైనది. 3,600 మందికి పదిహేనేసి నిమిషాల చొప్పున మొత్తం 900 గంటలు మిగిలినవి. మిగతా రెండు వరుసలలో కార్లలో పోయే 2,400 మంది ఎనిమిదేసి నిమిషాలు నష్టపోయారనుకొంటే అది 320 గంటలు. నికర లాభం 580 గంటలు. పథకం మంచిదే.

ఇప్పుడు గంటలను రూపాయలలోకి మారుద్దాం. సంపాదననుబట్టి బస్సు ప్రయాణికుని గంటకు 60 రూపాయలు, కారు ప్రయాణికుని గంటకు 300 రూపాయలు విలువ కట్టామనుకొనండి. లాభం 54,000 రూపాయలు. నష్టం 96,000 రూపాయలు. ఇప్పుడు అదే పథకం 42,000 రూపాయల నష్టం చూపుతున్నది! రోడ్డు మారలేదు, బస్సు మారలేదు, మనుష్యులు మారలేదు. మారినది విలువ కట్టే కొలబద్ద మాత్రమే.

కూలిపనికి పోయే స్త్రీ గంటకూ కంపెనీ అధికారి గంటకూ సంతలో ధర వేరు కావచ్చు. కాని ఇంటివద్ద బిడ్డ ఎదురుచూసే గంటకు ధర ఎవరు కట్టగలరు? ఈ అన్యాయాన్ని గుర్తించే బ్రిటన్‌లో ఉద్యోగపు పనిమీద కాని ప్రయాణాలకు ధనిక పేద తేడా లేక సగటు విలువను వాడే ఆచారం గలదు. కావున అర్థశాస్త్రపు లెక్క చూసినప్పుడు కూడిక సరిపోయినదా అని మాత్రమే గాక, ఎవరి గంటకు ఎంత కట్టారో కూడ విద్యార్థి పరిశీలించాలి.

లెక్కలో తరచు మరచిపోయే లాభం మరొకటి ఉన్నది. పోయి రావడానికి 80 నిమిషాలు పట్టే దారిలో నిమిషానికొక బస్సు నడపాలంటే 80 బస్సులు కావాలి. 50 నిమిషాలు పడితే 50 బస్సులు చాలు. అంటే అదే సేవకు 30 బస్సులు, వాటి సిబ్బంది, డీజిలు ఆదా. రద్దీలో బస్సు నిలిచిపోవడం ప్రయాణికునికే గాక రవాణా సంస్థ ఖజానాకు కూడ నష్టమే.

ఢిల్లీ, అహమ్మదాబాదు చెప్పే పాఠాలు

ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మార్గం 2008లో ప్రారంభమైనది. బస్సులకు నడుమ వరుస, సైకిళ్ళకు ప్రత్యేక బాట, పాదచారులకు కాలిబాట ఏర్పరచారు. ఉద్దేశం ఉత్తమమైనదే. కాని మార్గం మరీ చిన్నది. అందులో మిగిలిన నిమిషాలు అది దాటిన వెంటనే రద్దీలో కరిగిపోయేవి. టికెట్టు బస్సులోనే తీసుకోవలసి వచ్చేది. కూడళ్ళలో సిగ్నలు వద్ద వాహనాలు బారులు తీరేవి. కార్ల యజమానుల ఆగ్రహం పత్రికలకెక్కినది. వ్యవహారం న్యాయస్థానానికి చేరినది. ఢిల్లీ హైకోర్టు 2012లో ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసి బస్సు బాటను సమర్థించినది. అయినను 2015లో ప్రభుత్వం దానిని తొలగించ నిశ్చయించి, 2016లో తొలగించినది.

అహమ్మదాబాదులో 'జన్‌మార్గ్' 2009లో ఆరంభమైనది. మూసిన స్టేషనులు, సమతలమైన అరుగులు, ముందుగా టికెట్టు, నిర్వహణకు ప్రత్యేక సంస్థ అనే హంగులన్నీ మొదటి నుంచి సమకూర్చారు. విశాలమైన రోడ్లపై మొదలుపెట్టి క్రమంగా విస్తరించారు. అందుచేత వ్యతిరేకత తక్కువైనది. కాని దీనికీ మరొక పక్క ఉన్నది. చోటు సులభంగా దొరికిన దారులనే ఎన్నుకొంటే, ఇరుకు వీధులలో కిక్కిరిసి ఉండే పేద జనానికి బస్సు చేరువగునా అని విమర్శకులు ప్రశ్నించారు. ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు.

నిర్మించిన మార్గాన్ని నిలుపుకొనడం కూడ సులభం కాదు. భోపాలులో బస్సు బాటల తొలగింపు 2024లో మొదలైనది. ఇందోరులో 2013లో ఏర్పడిన మార్గాన్ని తీసివేయుటకు 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ హైకోర్టు ఆదేశించినది. హుబ్బళ్ళి-ధార్వాడల మధ్య మాత్రం 2018లో బస్సులు ప్రారంభమై రెండు ఊళ్ళను కలిపినవి.

మన ప్రాంతపు అనుభవం

మన బస్సుల చరిత్ర చిన్నది కాదు. నిజాం రాష్ట్ర రైల్వే ఆధ్వర్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన సేవయే నేటి రోడ్డు రవాణా సంస్థలకు మూలం. 2005లో కేంద్రం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం కింద విశాఖపట్నానికి, విజయవాడకు బస్సు మార్గాలు మంజూరైనవి. విశాఖలో పెందుర్తి, సింహాచలం దారులు వెడల్పైనవి. విజయవాడ సత్యనారాయణపురంలో రైలు పట్టాలు తీసిన చోట విశాలమైన రోడ్డు వెలసినది. దానిని ఊరివారందరూ 'బి.ఆర్.టి.ఎస్. రోడ్డు' అనే పిలుస్తారు. కాని పేరులోని ద్రుతగతి బస్సు వ్యవస్థ మాత్రం నిలువలేదు. రోడ్డు వేయడం కాంట్రాక్టరు పని. అది ఒకసారి ముగుస్తుంది. బస్సు నడపడం నిత్యకృత్యం. దానికి ఏటేటా డబ్బు, ప్రతిదినం శ్రద్ధ కావాలి. మన లెక్కలలో మొదటిది ఖర్చుగా కనబడి రెండవది మరుగున పడడమే ఈ వైఫల్యానికి మూలమని నా అభిప్రాయం.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యం కలిగినది. ఇది గొప్ప మేలు. కాని టికెట్టు ఉచితమైనా కాలం ఉచితం కాదు. గంటసేపు రద్దీలో నిలబడిపోయే బస్సులో స్త్రీ చెల్లించే మూల్యం రూపాయలలో కనబడదు. మా విద్యార్థినులలో పలువురు మొదటి పీరియడు అందుకొనుటకు ఎంత తెల్లవారి ఇల్లు విడువవలసి ఉన్నదో తరగతిలో హాజరు పలికే అధ్యాపకులందరికీ తెలిసినదే. దూరం కారణంగా చదువు మానిపించే తలిదండ్రులు ఇంకను ఉన్నారు. బస్సు వేగానికీ ఆడపిల్ల చదువుకూ సంబంధం ఇంత దగ్గరిది.

మెట్రో ఉండగా బస్సు ఎందుకు?

హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమై, 2020 నాటికి 69 కిలోమీటర్లకు విస్తరించినది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన రెండవ దశకు 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్ల రూపాయలని అంచనా. అనగా కిలోమీటరుకు ఇంచుమించు 318 కోట్లు. బస్సు బాటకు ఇందులో చిన్న భాగం చాలు. నిర్మాణానికి పట్టే కాలమూ తక్కువే. ఉన్న ధనంతో ఎక్కువ వాడలకు సేవ అందించవచ్చు.

అయితే బస్సుకూ హద్దున్నది. బొగోటాలో బస్సులు కిక్కిరిసి ప్రజలు విసుగెత్తారు. చివరకు ఆ నగరమే మెట్రో నిర్మాణానికి పూనుకొన్నది. అత్యధిక రద్దీ గల దారిలో రైలు, తక్కిన ప్రధాన మార్గాలలో బస్సు బాట, వాడవాడకూ చిన్న బస్సులు అనే అమరిక సముచితం. ఇవి ఒకదానికొకటి తోడు, పోటీ కారాదు.

సారాంశం

ఏ నగరంలోనైనా ఇట్టి పథకం చర్చకు వచ్చినప్పుడు విద్యావంతులైనవారు నాలుగు ప్రశ్నలు అడగాలి. గంటకు ఎన్ని బస్సులు నడుపుతారు? ఎవరి కాలానికి ఎంత విలువ కట్టారు? ఇల్లు, దుకాణం కోల్పోయేవారికి ఏమి ఏర్పాటు? పదేండ్ల తరువాత నిర్వహణకు ధనం ఎక్కడిది? వీటికి తృప్తికరమైన సమాధానాలున్న చోట బస్సు బాట పేదవానికి వరం. లేనిచోట అది నడిరోడ్డున కట్టిన గోడ మాత్రమే.

నేటి విద్యార్థులలో రేపు ఇంజనీర్లు, అధికారులు, నగరపాలక సభ్యులు కాగలవారున్నారు. వారి చేతికి ఇట్టి పథకపు కాగితాలు వచ్చిన నాడు, అందులోని అంకెల వెనుక బస్‌స్టాపులో నిలబడిన మనుష్యులు వారికి జ్ఞప్తికి రావాలని ఆశిస్తున్నాను.