పళ్ల మీద నేరం మోపకు బిడ్డా

ఖమ్మం

చిట్టితల్లీ,

బుజ్జిగాడికి పిర్రలు ఎర్రగా కందిపోయాయనీ, నీళ్లు తగిలితే కెవ్వుమంటున్నాడనీ, రోజుకు ఐదారు సార్లు పల్చగా పోతున్నాడనీ నిన్న ఫోన్‌లో చెప్పావు. మీ అత్తమ్మేమో "పళ్లొస్తున్నాయి, అవే తగ్గుతాయి" అంటోందట. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. ఆమెకు కూడా చదివి వినిపించు. ఆమె మీద కోపం పెట్టుకోకు. ఆమె అన్నది ఊరంతా అనే మాట. నేను ఏఎన్ఎంగా బోడు వైపు తండాల్లో, కోయగూడేల్లో తిరిగిన రోజుల్లో ఆ మాట వినని గడప లేదు. కానీ ఆ మాట వల్లే వైద్యం ఆలస్యమైన పిల్లల్ని కూడా చూశాను. కాబట్టి ముందు పళ్ల సంగతి తేల్చేద్దాం.

పాల పళ్లు మొత్తం ఇరవై. కింది ముందు పళ్లు రెండూ ఆరో నెల అటూఇటూగా మొదలై, చివరి దవడ పళ్లు వచ్చేసరికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. అంటే ఆ రెండేళ్లూ పిల్లాడి నోట్లో ఏదో ఒక పన్ను కదులుతూనే ఉంటుంది. ఆ కాలంలో వాడికి ఏ జబ్బు చేసినా పక్కన ఒక పన్ను కనిపిస్తుంది, నెపం దాని మీదికి పోతుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 125 మంది పసిపిల్లల్ని, వాళ్లకు మొలిచిన 475 పళ్లను రోజువారీగా రాసుకుంటూ గమనించి 2000లో ఫలితం ప్రకటించారు. చొంగ, కొరకడం, చిగుళ్లు రుద్దుకోవడం, చిరాకు, గట్టి తిండి మీద అయిష్టం, చొంగ వల్ల ముఖం మీద దద్దు, ఒళ్లు కాస్త వెచ్చబడడం: ఇవి పన్నుతో పాటు వచ్చాయి. పల్చటి విరేచనాలు, వాంతులు, గట్టి జ్వరం, ముఖం మీద కాక ఒంటి మీద వచ్చే దద్దు మాత్రం పన్నుతో ముడిపడలేదు. బుజ్జిగాడి పిర్రల ఎరుపు ఈ రెండో జాబితాలోదే.

మరి పళ్లొచ్చే వయసులోనే ఎందుకు? ఆరు నెలలు దాటాక నువ్వు పప్పుకట్టు, మెత్తన్నం మొదలుపెట్టావు. వాడు నేల మీద పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. కడుపులో ఉన్నప్పుడు నీ నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఈ నెలల్లోనే తరిగిపోతుంది. చిగుళ్ల దురదకు చెయ్యి నోట్లోకి పోతుంది, చేతితో పాటు మురికీ పోతుంది. విరేచనాలకు అసలు దారి అది. ఆ విరేచనాలే పిర్రల్ని కాలుస్తున్నాయి.

ఎలా కాలుస్తాయో తెలిస్తే ఏం చెయ్యాలో నీకే తడుతుంది. తడిలో నానిన చర్మం మెత్తబడి, డైపర్ రాపిడికి లేచిపోతుంది. మూత్రం, మలం కలిసి ఎక్కువసేపు ఉంటే మలంలోని సూక్ష్మజీవులు మూత్రం నుంచి అమ్మోనియా పుట్టిస్తాయి. దాంతో చర్మం మీద సహజంగా ఉండే పులుపుదనం పోతుంది. అప్పుడు మలంలో మిగిలిన జీర్ణరసాలు రెచ్చిపోయి చర్మాన్నే తింటాయి. పల్చగా వేగంగా పోతున్నప్పుడు ఆ రసాలు పేగుల్లో ఖర్చు కాకుండానే కిందికి వచ్చేస్తాయి. అందుకే మామూలు రోజుల్లో పట్టించుకోని డైపర్ విరేచనాల రోజుల్లో ఒక్క పూటలో పుండు చేస్తుంది.

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పగలు డైపర్ మానెయ్యి. పాత నూలు చీర చింపి, నాలుగు మడతలు పెట్టి కింద పరిచి, వాణ్ని గుడ్డ లేకుండా బోర్లా పడుకోబెట్టి పక్కనే కూర్చో. పూటకు నాలుగైదు సార్లు పావుగంట చొప్పున గాలి తగలనివ్వు. మన గూడేల్లో పిల్లలు వాకిట్లో మొలతాడు తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా పాకుతుంటే పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ముఖం చిట్లించేవాళ్లు. పిర్రల ఒరుపు విషయంలో ఆ పిల్లలే మేలు. మొలతాడు అంటే గుర్తొచ్చింది: డైపర్ అంచు కింద అది తడిసి ముద్దై నడుమును ఒరుస్తుంది. పుండు మానేదాకా తీసి పక్కన పెట్టు. దిష్టి భయం ఉంటే అరికాలికి కాటుకచుక్క పెట్టమని మీ అత్తమ్మకు చెప్పు.

మలం పోయిన వెంటనే గోరువెచ్చని నీళ్లు చెంబుతో మెల్లగా పోసి కడుగు. రుద్దకు. పరిమళం వేసిన తడి వైప్స్ పచ్చిపుండు మీద మంట పెడతాయి, వాటిని మానెయ్యి. మెత్తటి గుడ్డతో అద్ది, మడతల్లో తడి ఆరేదాకా ఆగి, అప్పుడు జింక్ ఆక్సైడ్ క్రీము పెట్టు. పల్చగా పులమడం కాదు, గోడకు సున్నం పూసినట్టు మందంగా, కింద చర్మం కనపడకుండా. అది మందు కన్నా ఎక్కువగా అడ్డుగోడ. మళ్లీ కడిగేటప్పుడు దాన్ని ఆసాంతం గోకి తియ్యకు, పైన మురికైన పొర మాత్రం తీసి, మీద ఇంకో పొర వెయ్యి. కొబ్బరి నూనె మంచిదే, ఎర్రబడక ముందు రోజూ రాసుకోవచ్చు, కానీ విరేచనాల తాకిడికి అది నిలవదు. పౌడరు డబ్బా మాత్రం అటక మీద పెట్టు. తడికి పౌడరు ఉండలు కట్టి మడతల్లో ఇసుకలా గీరుతుంది, చల్లేటప్పుడు ఎగిరిన పొడి పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రాత్రి డైపర్ తప్పదంటావు. సరే, కానీ ఒక సైజు పెద్దది వదులుగా వెయ్యి, రెండు మూడు గంటలకోసారి చెయ్యి పెట్టి చూడు, మలం పోతే క్షణం ఆగకు. ఒక్కో డైపరూ పది రూపాయల పైమాటే కాబట్టి బరువెక్కేదాకా ఉంచే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. అది ఎవరి తప్పూ కాదు, చేతిలో ఉన్న డబ్బు అంతే. పగలు గుడ్డలు వాడితే ఆ డబ్బు రాత్రికి మిగులుతుంది.

గుడ్డల ఉతుకు గురించి కూడా రెండు మాటలు. సబ్బుపొడి వాసన పోయేదాకా మంచినీళ్లలో జాడించు, ఆఖరి నీళ్లలో డెట్టాల్ కలపకు. గుడ్డలో మిగిలిన రసాయనం తడి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. 1980లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో లంగోటీలు ఉతికిచ్చే ఒక సంస్థ బూజు పట్టకుండా పాదరసం మందు వాడితే వేలాది పసిపిల్లల ఒంట్లోకి ఆ పాదరసం చేరింది. మీ టేకులపల్లిలో ఇంకో ఇబ్బంది దుమ్ము. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ గని నుంచి బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వైపు దండెం కట్టకు, పెరటి వైపు ఎండలో ఆరెయ్యి. ముసురు పట్టిన రోజుల్లో చెమ్మ మిగిలిన గుడ్డలకు ఇస్త్రీ పెట్టి, చల్లారాక కట్టు.

అసలు చూడాల్సింది ఇప్పుడు చెబుతున్నా. వెలుతురులో పడుకోబెట్టి తొడ సందు మడత రెండు వేళ్లతో విప్పి చూడు. ఉబ్బెత్తుగా ఉన్న చోట్ల ఎరుపు ఉండి, మడత లోపల చర్మం బాగుంటే అది తడి వల్ల వచ్చిన ఒరుపు. నేను చెప్పినట్టు చేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. అలా కాకుండా మడత లోపలే ముదురెరుపు తేలి, దాని అంచు దాటి విడివిడిగా ఆవగింజలంత ఎర్ర పొక్కులు ఉంటే అది ఫంగస్. దానికి జింక్ క్రీము చాలదు, క్లోట్రిమజోల్ లాంటి మందు డాక్టరు చెప్పిన లెక్కన రాయాలి. నోట్లో తెల్లటి పొర కూడా కనిపిస్తే డాక్టరుకు అదీ చెప్పు. ఏది అయినా సరే, మందుల షాపులో "ఎరుపుకు ఒక ట్యూబు ఇవ్వండి" అని మాత్రం అడగకు. అలా అడిగితే చాలాసార్లు చేతిలో పడేది స్టెరాయిడ్ కలిసిన ట్యూబే. రాయగానే ఎరుపు పోతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ కింద ఫంగస్ పెరుగుతుంది, చర్మం పల్చబడుతుంది, డైపర్ కింద మూసుకుపోయిన చోట ఆ మందు ఒంట్లోకి మరింత దిగుతుంది.

పిర్రల కన్నా ముందు విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. ప్యాకెట్ మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలుపు, 24 గంటలు దాటితే పారబొయ్యి. పల్చగా పోయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టు. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు. జింక్ మాత్ర, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, నీ పాలలో కరిగించి 14 రోజులు ఇవ్వాలి. మూడో రోజుకే విరేచనాలు ఆగినా మాత్ర ఆపకు. పథ్యం పేరుతో తిండి మాన్పించొద్దు. నీ పాలు, మెత్తన్నం, పెసరకట్టు, అరటిపండు పెడుతూనే ఉండు. డబ్బా జ్యూసులు, చక్కెర నీళ్లు వద్దు, అవి విరేచనాల్ని పెంచుతాయి.

చిగుళ్ల బాధ నిజమే, అది కాదనను. శుభ్రంగా కడిగిన వేలితో చిగురు మీద మెల్లగా అదుముతూ ఉండు, చల్లటి తడిగుడ్డ కొస కొరకనివ్వు. చొంగ ఎప్పటికప్పుడు అద్ది, గడ్డం కింద కొంచెం కొబ్బరి నూనె రాయి. మీ అత్తమ్మ తేనె రాస్తానంటుంది. మన అడవి తేనె ఎంత మంచిదైనా ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడిపోతాయి. పళ్ల మాత్రలు, పళ్ల పొడులు, చిగుళ్లను మొద్దుబార్చే జెల్‌లు ఏవీ కొనకండి. బెంజోకెయిన్ ఉన్న జెల్‌లు రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి వస్తుందని.

ఇలా పళ్ల మీద నేరం మోపడానికి పెద్ద చరిత్రే ఉంది, మీ అత్తమ్మకు ఇది తప్పకుండా చదువు. 1839లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఐదు వేలకు పైగా పిల్లల మరణాలకు కారణం "పళ్లు రావడం" అని సర్కారు లెక్కల్లో రాశారు. ఆ పిల్లలు పోయింది నిజంగా ఏ విరేచనాలతోనో, జ్వరాలతోనో ఎవరూ వెతకలేదు. తర్వాతి కాలంలో అదే దేశంలో పళ్లొచ్చే పిల్లలకు పాదరసం కలిసిన పొడి ఇచ్చేవారు. చేతులు, పాదాలు గులాబీ రంగుకు తిరిగి, తోలు ఊడి, కొందరు చనిపోయేవారు. అదేదో అంతుపట్టని జబ్బు అనుకున్నారు. 1954లో ఆ పొడుల నుంచి పాదరసం తీసేశాక ఆ జబ్బే దాదాపు మాయమైంది. అమ్మలందరూ ప్రేమతోనే ఆ పొడి వేశారు, తల్లీ.

బుజ్జిగాడు ఆరు గంటలుగా మూత్రం పొయ్యకపోయినా, కళ్లు లోపలికి పోయినా, నోరు ఎండినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా దిగినా, మలంలో రక్తం కనిపించినా, పాలు తాగకుండా మగతగా పడున్నా సందేహించకు. పిర్రల మీద చీము పొక్కులు, నీటి బుగ్గలు లేచినా అంతే. పగలైతే సులానగర్ పీహెచ్‌సీకి పో, రాత్రైతే 108కి ఫోన్ చేసి నేరుగా ఇల్లందు ప్రభుత్వాసుపత్రికి పో. ఓఆర్ఎస్ కలిపిన సీసా దారిలో పట్టడానికి చేతిలో ఉంచుకో, టీకాల కార్డు మర్చిపోకు. అల్లుడు డ్యూటీలో ఉన్నాడని ఆగొద్దు, పక్కింటి ఆటో అడుగు. తర్వాత నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా ఎత్తుతా.

మీ పెద్దమ్మ