బ్యాటరీ ఇచ్చి వచ్చారు, మరి చీటీ ఏదీ?

ఈ మూడు నెలల్లో బైకు బ్యాటరీ గొడవతో నా దగ్గరికి నలుగురు వచ్చారు. నలుగురూ కొత్త బ్యాటరీ కొని ఇంట్లో సొంతంగా బిగించుకున్నవాళ్లే. ఏడాది తిరక్కుండానే అందరిదీ పాడైంది. వాళ్లలో ముగ్గురు ఆ బ్యాటరీనీ, అసలు వారంటీ కార్డునీ షాపులో ఇచ్చేసి ఉత్త చేతులతో ఇంటికొచ్చారు. వారంటీ కేసులో మన చేతిలో ఉండే బలమంతా ఆ రెండే. వాటిని ఎదుటివాడికి అప్పగించి "ఇక మీరే చూడాలి సార్" అంటే ఏ వకీలైనా ఏం చేయగలడు?

ముందు ఒక భయం తీరుస్తాను. "ఇంట్లో బిగించుకున్నావు, వారంటీ రాదు" అని షాపులో అనగానే చాలామంది నమ్మి వెనక్కి వచ్చేస్తున్నారు. కార్డు వెనక షరతులు చదవండి. మామూలుగా అక్కడ కనిపించేవి పెట్టె పగలడం, టెర్మినల్ కరగడం, ప్లస్ మైనస్ తారుమారు కావడం, సీరియల్ నంబరు చెరిగిపోవడం. సొంతంగా బిగించుకోకూడదని ఎక్కడుందో చూపించమనండి, ఏ షరతు కింద కాదంటున్నారో రాసిమ్మనండి. నోటిమాటకు లొంగకండి.

బిగింపు మాత్రం పద్ధతిగా జరగాలి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. వరుస తప్పి, ప్లస్ బోల్టు మీదున్న స్పానరు బండి ఫ్రేముకు తగిలిందా, నిప్పురవ్వ లేచి టెర్మినల్ మీద చిన్న గుంట పడుతుంది. రేపు కంపెనీవాళ్లు "షార్ట్ చేశారు" అని వేలు పెట్టి చూపించేది ఆ గుంటనే.

ఇప్పుడు నడుస్తున్న కేసు చెబుతాను. క్లయింటు తెల్లారకముందే బండి మీద క్యాన్లు కట్టుకుని పాలు పోసే మనిషి. ఏడో నెలలో సెల్ఫ్ అందుకోవడం మానేసింది. షాపాయన "చార్జింగ్ పెట్టి చూస్తాం, కార్డూ బ్యాటరీ వదిలేసి వెళ్లన్నా" అన్నాడు. ఈయన వదిలేశాడు. చీటీ అడగలేదు. ఆరుసార్లు తిరిగాక చేతికొచ్చిన బ్యాటరీకి టెర్మినల్ కరిగి ఉంది. "నువ్వే కాల్చావు" అన్నారు. కార్డు అడిగితే "నువ్విస్తే కదా" అన్నారు. బిల్లు తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద సీరియల్ నంబరు లేదు. నిజం చెప్పాలంటే ఆ పూటకి నేను ఆశ వదులుకున్నాను.

ఆయన్ని నిలబెట్టింది ఒక ఫోటో. బిగించిన రోజు ఎర్ర తీగ ఎటో తెలియక బ్యాటరీకి ఫోటో తీసి బావమరిదికి వాట్సాప్‌లో పంపాడట. అందులో పెట్టె మీద పంచ్ చేసిన నంబరు స్పష్టంగా ఉంది. షాపువాళ్లు తిరిగిచ్చిన బ్యాటరీ మీద వేరే నంబరు! భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేసి ఆ ఫోటో దాఖలు చేశాం. ఫోన్ మార్చొద్దని, ఆ చాట్ చెరపొద్దని ఆయనకు గట్టిగా చెప్పాను.

అందరికీ అలాంటి ఫోటో ఉండదు. చట్టం ఏమంటోందో వినండి. వస్తువును పరీక్షిస్తే తప్ప లోపం తేలనప్పుడు, వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ఫిర్యాదుదారు దగ్గర తీసుకుని, సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. మీ దగ్గర లేని బ్యాటరీని ఎక్కడి నుంచి తెచ్చిస్తారు? అందుకే మళ్లీ చెబుతున్నాను, చీటీ లేకుండా బ్యాటరీ చెయ్యి దాటకూడదు. తెలిసిన షాపైనా సరే, చుట్టాల షాపైనా సరే. చీటీలో తేదీ, సీరియల్ నంబరు, టెర్మినళ్లు ఏ స్థితిలో ఉన్నాయి, కార్డు జిరాక్సా అసలుదా, అన్నీ ఉండాలి. కింద సంతకం, షాపు ముద్ర. కార్డు జిరాక్సే ఇవ్వండి, అసలుది చూపించి వెనక్కి తెచ్చుకోండి.

కొన్నప్పుడే మొదలయ్యే తప్పు ఇంకోటుంది. పాత బ్యాటరీ ఇస్తే కొంత తగ్గిస్తామంటూ తెల్లకాగితం మీద అంకె రాసిచ్చేవాళ్లున్నారు. అది బిల్లు కాదు. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల కిందికే వస్తుంది. అడిగి రాయించుకోండి. పాతదాన్ని చెత్తబండిలో మాత్రం వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని విడిగా, సేకరించేవాళ్లకే అప్పగించాలి.

ఇంత చిన్న మొత్తానికి కేసేమిటని సిగ్గుపడే పని లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, వకీలు కూడా తప్పనిసరి కాదు. గడువు మాత్రం 2 ఏళ్లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం కదా అని కొందరు నిశ్చింతగా కూర్చుంటున్నారు. ఆ ఫోన్‌తో గడువు ఆగదు.

ఇప్పటికే చీటీ లేకుండా ఇచ్చేసి వచ్చినవాళ్లు రేపటి దాకా ఆగకండి. ఏ తేదీన, ఏ నంబరు బ్యాటరీ, కార్డుతో సహా ఇచ్చారో రాసి షాపాయనకు వాట్సాప్ చేయండి. "చూస్తాంలే" అని ఆయన జవాబిచ్చినా అది మీకు పనికొచ్చే కాగితమే. రెండు రోజుల్లో జవాబు రాకపోతే అదే సంగతి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు బిల్లుతో కలిపి దాచండి.