మూడవ ప్రమాద హెచ్చరిక



గోదావరి పొంగిందంటే కోనసీమ అంతా ధవళేశ్వరం కబురు కోసం ఎదురుచూస్తుంది. అక్కడి బ్యారేజి వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. 1986 ఆగస్టు వరదను చూసిన లంకవాసులకు ఈ అంకెల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. వరద దేవుని శిక్ష కాదు. అది మంచివారి ఇంటికీ వస్తుంది, చెడ్డవారి ఇంటికీ వస్తుంది. కాని హెచ్చరిక విన్నవాడు తరువాత 'నాకు తెలియదు' అనలేడు.

ఆత్మ విషయమూ అంతే. యజమాని చిత్తం ఎరిగీ నెరవేర్చని సేవకునికి ఎక్కువ దెబ్బలు, ఎరుగక తప్పిన వానికి తక్కువ దెబ్బలు అని ప్రభువు బోధించారు (లూకా 12:47-48). 1964లో రెండవ వాటికన్ మహాసభ శ్రీసభను గూర్చి వెలువరించిన శాసనం (14వ సంఖ్య) ఇదే గుర్తుచేస్తుంది. మనం శ్రీసభ బిడ్డలమైనది మన గొప్పతనం వలన కాదు, క్రీస్తు వరప్రసాదం వలన. తలంపులో, మాటలో, క్రియలో దానికి తగినట్లు నడవకపోతే మనకు తీర్పు మరింత కఠినమవుతుంది.

తప్పు చేసిన సోదరుని సరిదిద్దడానికి ప్రభువు కూడా మూడు మెట్లు చూపారు: మొదట ఒంటరిగా, తరువాత ఒకరిద్దరితో కలిసి, ఆ పిదప సంఘం ద్వారా (మత్తయి 18:15-17). కొబ్బరితోట సరిహద్దు కోసం ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానుకున్నారనుకొందాం. తల్లి చెప్పింది. ఉపదేశిగారు ఇంటికి వచ్చి చెప్పారు. విచారణ గురువులూ చెప్పారు. అయినా ఆదివారం ఇద్దరూ చెరొక వరుసలో వచ్చి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తే, బలిపీఠం వద్ద కానుక విడిచి ముందు సోదరునితో సమాధానపడమన్న మాట (మత్తయి 5:23-24) ఏమైనట్లు? ఆ మాట వినలేదని వారు చెప్పగలరా?

చెప్పవలసినవారికీ బాధ్యత ఉంది. అపాయం చూసి కూడా బూర ఊదని కావలివాడు లెక్క చెప్పాలి. ఊదినా జనం వినకపోతే ఆ దోషం అతనిది కాదు (యెహెజ్కేలు 33). బిడ్డల తప్పు చూసి 'ఎందుకులే' అని ఊరకుండే తల్లిదండ్రులకు ఇది మందలింపు. ప్రేమతో చెప్పి చెప్పి అలసిన తల్లికి ఇది ఓదార్పు. అమ్మా, మీ ప్రార్థన మాత్రం మానవద్దు. పాపి చావడం దేవునికి ఇష్టం కాదు. అతడు మనసు మార్చుకొని బ్రతకాలన్నదే ఆయన కోరిక.

హెచ్చరిక భయపెట్టడానికి కాదు, గట్టెక్కించడానికి. మీరు విని పక్కన పెట్టిన మంచిమాట ఏది? ఈ వారమే పాపసంకీర్తనానికి వెళ్లండి. మాటలు లేని సోదరుని గడప తొక్కండి. నీరు గట్టు దాటకముందే కదలుదాం.

కుటుంబ ధ్యానానికి: మన ఇంట్లో ఎవరి హితవు మనం ఇంకా వినడం లేదు?